బల్ల చుట్టూ ఆడే పాత్రపోషణ క్రీడల్లో తాదాత్మ్యం, పాత్రోన్నతి: ఒక చారిత్రక పరిశీలన (1974–1989)

వ్యాససంగ్రహం:
కాల్పనిక పాత్రపోషణ క్రీడల్లో పాత్ర బలాన్ని అంకెల్లో పెంచే నియమాలు ఆటగాడి తాదాత్మ్యానికి అడ్డంకి అనే అభిప్రాయం తరచు వినిపిస్తుంది. 1974–1989 మధ్య వెలువడిన కొన్ని అమెరికన్ నియమగ్రంథాల ఆధారంగా ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని పునఃపరిశీలిస్తుంది.

కీలకపదాలు: పాత్రపోషణ క్రీడ, తాదాత్మ్యం, పాత్రోన్నతి, అనుభవ పాయింట్లు, నియమగ్రంథం.

1. ఉపోద్ఘాతం:
నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు రెఫరీగా లోకాన్ని వర్ణిస్తారు. తక్కినవారు తలా ఒక పాత్రను ధరిస్తారు. "తలుపు తెరుస్తున్నాను" అని పలికేది ఆటగాడు, తెరిచేది పాత్ర. ఫలితం సందిగ్ధమైనచోట పాచికలు తీర్పు చెబుతాయి. వేరుగా ప్రేక్షకులు ఉండరు. అందువల్ల తాదాత్మ్యం అనే మాటను ఇక్కడ కొంత జాగ్రత్తతో వాడవలసి ఉంది. అలంకారశాస్త్ర చర్చల్లో అది ప్రధానంగా సహృదయుడికి చెందిన అనుభవం. ఈ క్రీడలో నటుడూ సహృదయుడూ ఒక్కరే.

సామాజిక శాస్త్రవేత్త గ్యారీ అలన్ ఫైన్ 1983లో ప్రచురించిన 'షేర్డ్ ఫాంటసీ'లో ఈ క్రీడాకారుడిలో మూడు అస్తిత్వాలను గుర్తించాడు: నిజజీవితంలోని వ్యక్తి, నియమాలు తెలిసిన ఆటగాడు, కల్పిత పాత్ర. ఈ విభజనను అంగీకరిస్తే ఒక ప్రశ్న తలెత్తుతుంది. కాగితం మీద అంకె పెరిగినప్పుడు ఎదిగినది ఈ ముగ్గురిలో ఎవరు?

2. యుద్ధక్రీడ వారసత్వం:
గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి 1971లో 'చైన్‌మెయిల్' అనే యుద్ధక్రీడా నియమావళిని ప్రచురించారు. దాని కాల్పనిక అనుబంధంలో 'హీరో' నలుగురు సైనికులకు, 'సూపర్‌హీరో' ఎనిమిదిమందికి సాటి. అవి స్థిరమైన కొలతలు. నలుగురి బలం గలవాడు ఎనిమిదిమంది బలం గలవాడిగా మారే మార్గం అందులో లేదు. గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో మూడు చిన్న పుస్తకాలుగా వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆ రెండు కొలతలనూ ఒకే నిచ్చెన మెట్లుగా మార్చింది. యోధుడు 8,000 అనుభవ పాయింట్లతో నాలుగో స్థాయికి చేరి హీరో అవుతాడు. 1,20,000 పాయింట్లతో ఎనిమిదో స్థాయికి చేరి సూపర్‌హీరో అవుతాడు. సైన్యబలాన్ని లెక్కించడానికి పుట్టిన అంకె ఆ విధంగా ఒక వ్యక్తి జీవితచరిత్రకు కొలమానమైంది. పాత్రోన్నతి యాంత్రికమనే విమర్శకు ఈ పుట్టుకే మూలమని నా అభిప్రాయం.

3. బంగారం ఎవరి కోరిక?
అయితే ఆ పాయింట్లు లభించే తీరును గమనిస్తే విషయం అంత సులభంగా తేలదు. 1974 నాటి పుస్తకమే ఒక ఉదాహరణ ఇస్తుంది. ఏడో స్థాయి రాక్షసజీవి అయిన ట్రోల్‌ను చంపితే 700 పాయింట్లు. అది కాపలా కాస్తున్న 7,000 బంగారు నాణేలను దక్కించుకుంటే మరో 7,000. మొత్తం 7,700లో వధకు దక్కేది పదకొండో వంతు మాత్రమే! ట్రోల్ కన్నుగప్పి నిధితో బయటపడటమే లాభసాటి. ఈ ఆటను కేవలం సంహారక్రీడగా వర్ణించేవారు ఈ లెక్కను చూడలేదనిపిస్తుంది.

తాదాత్మ్యం దృష్ట్యా ఇందులో మరొక విశేషం ఉంది. అనుభవ పాయింటు అంటే ఏమిటో పాత్రకు తెలియదు, బంగారమంటే తెలుసు. ప్రాణాలకు తెగించి నేలమాళిగలోకి దిగినవాడికి కావలసినది అదే. ఆటగాడికి పాయింట్లు కావాలి, పాత్రకు బంగారం కావాలి. రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి. ఆ క్షణంలో ఇద్దరి కోరికా ఒక్కటే. దోచుకున్న నాణేల వల్ల మాంత్రికుడికి కొత్త మంత్రాలు ఎలా పట్టుబడతాయన్నది న్యాయమైన ఆక్షేపణే. కాని అది కార్యకారణ సంబంధానికి తగిలే దెబ్బ, తాదాత్మ్యానికి కాదు.

4. మార్కులు వేసే రెఫరీ:
1979 నాటి 'డంజన్ మాస్టర్స్ గైడ్'లో గైగాక్స్ మరో మార్గం తొక్కాడు. తగినన్ని పాయింట్లు రాగానే స్థాయి పెరగదు. పాత్ర శిక్షణ పొందాలి. ఆటగాడు పాత్రను దాని వృత్తికి తగినట్లు పోషించాడా లేదా అని రెఫరీ నాలుగు శ్రేణుల్లో అంచనా వేస్తాడు. శ్రేష్ఠంగా పోషిస్తే ఒక వారం, అధమంగా పోషిస్తే నాలుగు వారాలు శిక్షణ; ప్రతి వారానికీ స్థాయిని బట్టి పెరిగే ఖర్చు. పోరుకు వెనుదీసే యోధుడు, ఎదురుదాడికి దిగే దొంగ అధమశ్రేణి కిందికి వస్తారు. ఇది తాదాత్మ్యానికి ప్రతిఫలంలా కనిపించినా, ఇక్కడ కొలిచేది వృత్తిధర్మాన్ని మాత్రమే. పిరికి యోధుణ్ణి ఎంతో సహజంగా పోషించినవాడికి దక్కేది శిక్షే. తాదాత్మ్యాన్ని ఇంకొకరు తూచవలసి వచ్చినప్పుడు ఇటువంటి చిక్కు తప్పదు.

5. సాధన, ఉన్మాదం:
స్టీవ్ పెరిన్ తదితరులు రూపొందించగా 1978లో వెలువడిన 'రూన్‌క్వెస్ట్' స్థాయిలనే తొలగించింది. మధ్యయుగ పోరాటరీతులను అభ్యసించే సంఘంలో పెరిన్‌కు స్వానుభవం ఉంది. ఇందులో విజయవంతంగా వాడిన నైపుణ్యమే పెరుగుతుంది. ప్రావీణ్యం హెచ్చినకొద్దీ పెరిగే అవకాశం తగ్గుతుంది. సాధన చేసిన ఎవరికైనా తెలిసిన సత్యమిది. అయినా అంచనాకు అందని ఫలితమొకటి ఎదురైంది. ఒకే పోరాటంలో ఆయుధాలు మార్చి మార్చి వాడి, ఒక్కొక్కదానిలో నైపుణ్యం పెంచుకునే ఆటగాళ్లు తయారయ్యారు. నియమం ఎంత వాస్తవికమైనా దానిని లెక్కించే ఆటగాడు మాయం కాలేదు.

శాండీ పీటర్సన్ 1981లో రూపొందించిన 'కాల్ ఆఫ్ కథుల్హు' ఈ సమస్యను తలకిందులు చేసింది. నిషిద్ధజ్ఞానం ఎంత శాతం పెరిగితే, మతిస్థిమితానికి ఉన్న 99 అనే గరిష్ఠ పరిమితి అంత తగ్గుతుంది. పుస్తకం తెరవడానికి పాత్ర జంకుతుంది. కాగితం మీది అంకెను చూసి ఆటగాడూ జంకుతాడు. 1974లో ఆశ సాధించిన ఏకత్వాన్ని ఇక్కడ భయం సాధించింది. ఈ కాలంలోని నియమాల్లో తాదాత్మ్యానికి అత్యంత సన్నిహితమైనది ఇదేనని నేను భావిస్తున్నాను. లెక్క ఇందులోనూ ఉంది. అయితే పాత్ర అనుభవించని దేన్నీ అది లెక్కించదు.

'డంజన్స్ అండ్ డ్రాగన్స్' మాత్రం ఈ దిశగా సాగలేదు. 1989 నాటి రెండో ఎడిషన్ బంగారానికి పాయింట్లిచ్చే పద్ధతిని ఐచ్ఛికం చేసి, వృత్తులవారీ బహుమానాలను మరో ఐచ్ఛికంగా చేర్చింది. వాటి ప్రకారం యోధుడికి శత్రువులను ఓడించినందుకు, మాంత్రికుడికి మంత్రప్రయోగానికి పాయింట్లు. ఒక్కొక్క బంగారు నాణేనికి రెండేసి పాయింట్లు ఆ పట్టికలో దొంగకు మాత్రమే మిగిలాయి.