మఠంపల్లి, సూర్యాపేటల్లో రెండు బాప్తిస్మాలు

కృష్ణకు ఎడమ గట్టున ఉన్న మఠంపల్లి కతోలిక రెడ్డి కుటుంబాలకూ శుభవార్త దేవాలయానికీ పేరుపడగా, అదే జిల్లాలోని సూర్యాపేట పరిసరాల్లో బాప్టిస్టు సంఘాలు వేళ్లూనుకున్నాయి. మొదటి సంప్రదాయం పసిబిడ్డ తలపై నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇస్తుంది. రెండోది తన విశ్వాసాన్ని తన నోటితో ఒప్పుకోగలిగిన వారిని మాత్రమే నీటిలో ముంచి బాప్తిస్మం ఇస్తుంది.

18వ శతాబ్ది తొలినాళ్లలో ఫ్రెంచి జెస్యూట్ గురువుల కర్ణాటక మిషన్ ద్వారా రాయలసీమలో క్రైస్తవం స్వీకరించిన రెడ్డి, కమ్మ కుటుంబాల్లో కొన్ని తరువాత ఫిరంగిపురం వంటి గుంటూరు సీమ గ్రామాలకు తరలిపోయాయి. మఠంపల్లి కతోలికుల బంధుత్వాలు నదికి ఆవలనున్న ఆ సీమతోనే ముడిపడి ఉన్నాయి. మతం ఇంటిపేరుతో పాటు సంక్రమించే ఇటువంటి సమాజంలో శిశు జ్ఞానస్నానం సహజంగా ఇమిడిపోయింది. దానికి ఆధారమైన జన్మపాప సిద్ధాంతాన్ని, అంటే ఆదాము పాపపు మచ్చతోనే ప్రతి మనిషీ పుడతాడన్న భావనను, 5వ శతాబ్దంలో అగస్టీను గట్టిగా సమర్థించాడు. బిడ్డ ప్రాణాపాయంలో ఉంటే గురువు వచ్చేదాకా ఆగనక్కరలేదు. మంత్రసానైనా సరే నీళ్లు పోసి త్రిత్వ నామాన్ని ఉచ్చరిస్తే ఆ జ్ఞానస్నానం చెల్లుతుంది. విచారణ గురువు దగ్గరుండే జ్ఞానస్నాన పుస్తకంలో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, విశ్వాసానికి పూచీపడే జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు నమోదవుతాయి. ఏళ్ల తరువాత భద్రమైన అభ్యంగనం, వివాహం కూడా ఆ పేరు పక్కనే చేరతాయి.

సూర్యాపేట వైపు ముంచుడు బాప్తిస్మం వచ్చిన దారి మరింత విచిత్రమైనది. 1525 జనవరిలో జూరిచ్ నగరంలో కాన్రాడ్ గ్రేబెల్, శిశువుగా బాప్తిస్మం పొందిన జార్జ్ బ్లౌరాక్‌కు మళ్లీ బాప్తిస్మమివ్వడంతో అనబాప్టిస్టు ఉద్యమం మొదలైంది. రెండేళ్లకు దాని నాయకుల్లో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను నగర పాలకులు నదిలో ముంచి చంపారు. ఆ పరంపరకు చెందిన మెన్నోనైట్లలో ముంచుడు బాప్తిస్మాన్ని పాటించిన ఒక శాఖ రష్యాలో 1860లో ఏర్పడింది, ఆ శాఖవాడైన ఏబ్రహాం ఫ్రీసెన్ అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున 1890లో నల్లగొండలో కేంద్రం తెరిచాడు. సూర్యాపేట కేంద్రం ఆ తరువాత ఏర్పడింది.

స్వచ్ఛంద నిర్ణయమే పునాది అయిన ఈ బాప్తిస్మం తెలుగు నేలపై వ్యక్తిగతంగా మిగల్లేదన్నది గమనించదగినది. 1876–78 నాటి ధాతు కరువు రోజుల్లో, జనం తిండి కోసమే చేరతారేమోనన్న శంకతో అదే అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు చెందిన ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు; ఆపై 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా దిగి ఒక్కరోజే 2,222 మందిని ముంచారు. వీరిలో అధికులు మాదిగ పల్లెలవారు, నిర్ణయం పెద్దలతో కూర్చుని పల్లె అంతా తీసుకున్నదే. అణచివేతలో బతికిన వారికి ఒంటరిగా మతం మారే వెసులుబాటు ఎక్కడిది? కాబట్టి మఠంపల్లిది కుల వారసత్వమనీ సూర్యాపేటది వ్యక్తి స్వేచ్ఛ అనీ విడదీయడం చరిత్రకు నిలవదు. పైగా బాప్టిస్టు ఇళ్లలోనూ పసిబిడ్డను సంఘం ముందుకు తెచ్చి ప్రతిష్ఠ ప్రార్థన చేయిస్తారు, ఈడు వచ్చాక బాప్తిస్మమిచ్చి ప్రభువు బల్లలో పాలుపంచుకోనిస్తారు.

తేడా అసలు బయటపడేది పెళ్లి సంబంధాల్లో. బాప్టిస్టు ఇంటి నుంచి వచ్చినవారు నీటితో, త్రిత్వ నామంలో పొందిన బాప్తిస్మాన్ని కతోలిక సభ సాధారణంగా అంగీకరించి మళ్లీ ఇవ్వదు. బాప్టిస్టు సంఘం మాత్రం కతోలిక ఇంటి నుంచి వచ్చినవారు పసితనంలో పొందినదాన్ని సాధారణంగా లెక్కలోకి తీసుకోక మళ్లీ నీటిలో దిగమంటుంది. పలు ప్రొటెస్టంటు సంఘాలు కలిసి 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం రెండు పద్ధతులకూ చోటిచ్చింది గాని, ఒకసారి పొందినవారికి రెండోసారి ఇవ్వడాన్ని ఒప్పుకోలేదు.