లోహ నానోకణాల హరిత సంశ్లేషణ

మొక్కల కషాయాలతో లోహ లవణాలను నానోకణాలుగా మార్చే పద్ధతి ఇది. ఈ కణాల పరిమాణం సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్లు. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో మురళీ శాస్త్రి బృందం వేపాకు కషాయంతో వెండి, బంగారు నానోకణాలు తయారుచేసి 2004లో ఆ వివరాలు ప్రచురించింది.

ఆకులను కడిగి, నీటిలో మరిగించి, వడగట్టిన కషాయాన్ని పలుచని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కలుపుతారు. ద్రావణం క్రమంగా పసుపుకు, ఆపై ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. కణాలు ఏర్పడ్డాయనడానికి కంటికి కనిపించే తొలి గుర్తు అదే. ఆకులోని ఫ్లేవనాయిడ్లు, ఫినాలిక్ పదార్థాలు వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లనిస్తాయి; కణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా వాటిపై పూతగానూ నిలుస్తాయి.

ఇలా తయారైన కణాలు నీటిలోని అద్దకపు రంగుల విచ్ఛిన్నాన్ని వేగవంతం చేస్తాయా అని పరీక్షించడానికి తరచు మెథిలీన్ బ్లూ అనే రంగును వాడతారు. సోడియం బోరోహైడ్రైడ్‌తో ఈ రంగుకు నెమ్మదిగా సాగే చర్య, వెండి కణాలు చేరితే నిమిషాల్లోనే ముగియవచ్చు. బోరోహైడ్రైడ్ ఇచ్చే ఎలక్ట్రాన్లను కణాలు రంగు అణువులకు చేరవేస్తాయి.

అయితే రంగు పోయినంత మాత్రాన నీరు శుభ్రపడినట్టు కాదు. ఈ చర్యలో ఏర్పడే రంగులేని ల్యూకో మెథిలీన్ బ్లూ గాలి తగిలితే మళ్లీ నీలమవుతుంది. అజో రకం అద్దకపు రంగులు ఇలాంటి చర్యలో విడిపోతే ఆరోమాటిక్ అమీన్లు మిగులుతాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. పైగా బోరోహైడ్రైడ్ విషపదార్థం కాబట్టి దాన్ని వాడే పద్ధతిని పూర్తిగా హరితమనడం సరికాదు. రంగు తగ్గుదలతో పాటు నీటిలో మిగిలిన మొత్తం సేంద్రియ కర్బనాన్ని, వెండిని కూడా కొలిచాకే శుద్ధి జరిగిందని చెప్పాలి.