తెర మీద శ్రీకారం చుట్టడానికి పడ్డ పాట్లు

తెర మీద మాయలంటే మన తెలుగువాళ్ళందరికీ ముందుగా గుర్తొచ్చేది 1957 నాటి 'మాయాబజార్'. ఎస్.వి. రంగారావు గారి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరి వెళ్తుంటే ఇప్పటి పిల్లలు కూడా కళ్ళప్పగించి చూస్తారు. కె.వి. రెడ్డి గారి ఊహ, మార్కస్ బార్ట్‌లే గారి కెమెరా పనితనం కలిసి చేసిన ఇంద్రజాలం అది. నేను చెప్పబోయేది అంత గొప్ప మాయ గురించి కాదు. మన సభల్లో, పెళ్ళి వీడియోల్లో, ఉగాది కార్యక్రమాల్లో తెర మీద తెలుగు అక్షరాలు తిన్నగా నిలబడి కదలడానికి తెర వెనుక జరిగిన తంటాల గురించి.

కదిలే అక్షరాల పనికి ఎక్కువమంది వాడే సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్. 1993లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో కోసా అనే చిన్న కంపెనీ దీన్ని విడుదల చేసింది. 1994లో ఆల్డస్ చేతుల మీదుగా అడోబీకి చేరింది. 2001లో వచ్చిన 5.0 వెర్షన్‌తో 'ఎక్స్‌ప్రెషన్స్' వచ్చాయి. అంటే బొమ్మని చేత్తో జరపక్కర్లేదు, జావాస్క్రిప్ట్‌లో ఒక లైను రాస్తే అదే జరుగుతుంది. మా బోటి ఇంజనీర్లకి పండగే!

పండగ ఇంగ్లీషు అక్షరాలకే. అదే సాఫ్ట్‌వేర్‌లో 'శ్రీ' అని కొడితే శ, దాని పక్కన పొల్లు, ఆ పక్కన ర, చివర గుడిదీర్ఘం విడివిడిగా పడేవి. తెలుగుకి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. కానీ విడి గుర్తుల్ని కలిపి అక్షరంగా అల్లే పని ప్రతి సాఫ్ట్‌వేరూ నేర్చుకోవాలి కదా! ఇక్కడ న్యూజిలాండ్‌లోనే, వెల్లింగ్టన్‌లో, ఆ రోజుల్లో 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' కోసం వేల మంది సైనికులు ఎవరి బుర్రతో వారు యుద్ధం చేసేలా ప్రోగ్రాం రాశారు. మన ర మాత్రం శ కిందకి చేరనంది.

మరి మనవాళ్ళు ఊరుకుంటారా? 1990ల మొదట్లోనే హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. పద్ధతి తయారుచేసుకున్నారు. వీడియోల వాళ్ళది ఇంకో దారి. అను వంటి ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. సాఫ్ట్‌వేర్ తను ఇంగ్లీషే చూపిస్తున్నాననుకుంటుంది, మనకి తెలుగు కనబడుతుంది. చిక్కల్లా కదిలించినప్పుడే. ఒక్కో అక్షరం ఎగిరి రావాలంటే తలకట్టు ఒక దిక్కు నుంచి, ఒత్తు ఇంకో దిక్కు నుంచి వచ్చేవి!

అందుకని పేరు మొత్తాన్ని ఇల్లస్ట్రేటర్‌లో గీతల బొమ్మగా మార్చి, అక్షరానికొక లేయరుగా విడదీసి, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి తెచ్చుకునేవాళ్ళం. తర్వాత ఎక్స్‌ప్రెషన్ పని. ప్రతి లేయరూ తన పై లేయరు పదో వంతు సెకను క్రితం ఏ సైజులో ఉందో చూసి, ఆ సైజుకి మారుతుంది. మొదటి అక్షరాన్ని ఒక్కదాన్ని పెంచితే చాలు, మిగిలినవి పెళ్ళి భోజనాల పంక్తిలా వరసగా లేస్తాయి.

2012లో వచ్చిన ఫొటోషాప్, ఇల్లస్ట్రేటర్ సి.ఎస్.6లలో భారతీయ లిపుల్ని అల్లే ఏర్పాటు వచ్చింది. ఇప్పుడు ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోనూ దక్షిణాసియా లిపుల్ని అల్లే ఏర్పాటు ఉంది. అయినా కిటుకుల అవసరం పూర్తిగా తీరలేదు. 'లక్ష్మి' మనకి రెండక్షరాలు, యూనికోడ్‌కి ఏడు గుర్తులు. ఒక్కో గుర్తే తెర మీద పడేలా స్క్రిప్టు రాస్తే ల తర్వాత క, క్, క్ష, క్ష్, క్ష్మ, క్ష్మి అని పాప గొంతు సవరించుకుంటున్నట్టుంటుంది. కాబట్టి ముందు పేరుని అక్షరాలుగా విడగొట్టే నాలుగు లైన్లు రాసుకోవాలి: పొల్లు తర్వాత హల్లు వస్తే కలుపు, గుణింతం వస్తే కలుపు, సున్న వస్తే కలుపు. 'రామ్‌కుమార్' లాంటి పేర్లలో మ్ తర్వాత కనబడని గుర్తు ఒకటి ఉంటుంది, అది ఉంటే కలపకు. ఆ గుర్తు మర్చిపోతే కు వెళ్ళి మ కింద వేలాడుతుంది.

ఆక్లండ్‌కి ఉత్తరాన ఉన్న మా ఆల్బనీ చుట్టుపక్కల కార్యక్రమాల్లో పిల్లల పేర్లు తెర మీద వేసేటప్పుడు "ఇంగ్లీషులో వేసేద్దాం, పనైపోతుంది" అనే మాట తరచుగా వినబడుతుంది. అలసిపోయిన వాలంటీరుని తప్పుపట్టలేం. కానీ మన అక్షరాల్లో తన పేరుని అంత పెద్దగా చూసుకునే అవకాశం ఇక్కడ పెరిగే పిల్లకి ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తుంది.

ఇంకో పని కూడా మిగిలే ఉంది. పాత ఫాంట్లలో చేసిన వీడియోల ఫైళ్ళు, సావనీర్ల ఫైళ్ళు తెరిస్తే, ఆ ఫాంటు లేనిచోట ఇంగ్లీషు గజిబిజి కనబడుతుంది. గీతలుగా మార్చినవైతే అక్షరాలే కావు, వెతికితే దొరకవు. ఈనాడు లాంటి పత్రికల పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చడానికి నాగార్జున వెన్న గారు 'పద్మ' తయారుచేశారు. ఇలాంటి మార్పిడి సాధనాలతో మన సంఘాల పాత ఫైళ్ళు చాలావరకు చదవగలిగేలా చేసుకోవచ్చు. గీతల బొమ్మల్ని మాత్రం ఎవరో ఒకరు చూసి మళ్ళీ టైపు చెయ్యాల్సిందే. మీ సంఘం కంప్యూటర్లో అలాంటి ఫైళ్ళుంటే, పారేసే ముందు వాటితో పాటు ఆ ఫాంటు ఫైలుని కూడా ఒక కాపీ తీసి ఉంచండి.