ముల్లు గుచ్చుకున్నా తెలియట్లేదా? అరికాళ్లలో మంటా? కాళ్లు చెప్పే ఈ సంకేతాలను లైట్ తీసుకోవద్దు

కర్నూలు, కడప జిల్లాల్లో ఎండలు ముదిరితే ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. శనక్కాయ చేలలో, బండల క్వారీల్లో, రోడ్డు పనుల్లో కాళ్లు రోజంతా వేడికి, ముళ్లకు, రాళ్లకు ఎదురీదాల్సిందే. అందుకే ఇక్కడ కాలి నొప్పి, మడమ పగుళ్లు అంటే "పని చేసేవాళ్లకు మామూలేలే" అని వదిలేస్తుంటారు. కానీ కొన్ని లక్షణాలు షుగర్, గుండె, కిడ్నీ, రక్తనాళాల సమస్యలకు తొలి గుర్తులు కావచ్చు. నొప్పి పెట్టే కాలి కంటే, నొప్పే తెలియని కాలితోనే ప్రమాదం ఎక్కువ.

తిమ్మిర్లు, మంటలు, స్పర్శ తగ్గడం

అరికాళ్లలో చీమలు పాకినట్లు ఉండటం, రాత్రిళ్లు మంటలు, దూది మీద నడుస్తున్నట్లు అనిపించడం.. ఇవి నరాలు దెబ్బతింటున్నాయనే గుర్తులు. దీనికి ప్రధాన కారణాల్లో షుగర్ ఒకటి. బీ12 విటమిన్ లోపం, మద్యం అలవాటు వల్ల కూడా ఇలా జరగొచ్చు. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవారు సుమారు 10.1 కోట్ల మంది.

స్పర్శ పోతే తుమ్మ ముల్లు దిగినా, చెప్పు కొరికినా తెలియదు. కాలిన బండ మీద నిలబడితే బొబ్బలు వచ్చాక గానీ గమనించరు. ఆ చిన్న పుండుకే చీము పట్టి, ఎముక దాకా పాకితే వేలు, ఒక్కోసారి కాలు తీసేయాల్సి వస్తుంది. కర్నూలు మీదుగా శ్రీశైలానికి, కడప వైపు నుంచి తిరుమలకు కాలినడకన వెళ్లే భక్తుల్లో షుగర్ ఉన్నవారు ఈ విషయం గుర్తుంచుకోవాలి. ఒట్టి కాళ్లతో నడిచే ముందు డాక్టర్‌తో మాట్లాడటం మంచిది.

చర్మంపై పాలిపోయిన లేదా ఎర్రటి మచ్చ ఉండి, అక్కడ స్పర్శ లేకపోతే కుష్టు పరీక్ష చేయించుకోవాలి. ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు. మందులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం.

నడిస్తే పిక్కలు పట్టేస్తున్నాయా?

కొంత దూరం నడవగానే పిక్కలు పట్టేసి, ఆగితే నొప్పి తగ్గుతోందంటే కాళ్లకు రక్తం సరిగా అందడం లేదేమో చూడాలి. పాదాలు చల్లబడటం, రంగు మారడం, పుండు మానకపోవడం కూడా దీని లక్షణాలే. బీడీ, సిగరెట్ తాగేవారికి, షుగర్ ఉన్నవారికి ముప్పు ఎక్కువ.

వాపు ఏం చెబుతుంది?

రెండు పాదాలు వాచి, వేలితో నొక్కితే గుంట పడుతుంటే గుండె, కిడ్నీ, కాలేయం పరీక్షలు అవసరం కావచ్చు. కొన్ని బీపీ మాత్రల వల్ల కూడా వాపు వస్తుంది. అలాగని మాత్ర సొంతంగా ఆపేయకూడదు. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. దాంతోపాటు ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

బొటనవేలి కీలు రాత్రికి రాత్రే ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి పెడితే గౌట్ కావచ్చు. పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమ పోటెత్తితే, అది సాధారణంగా అరికాలి పొర వాపు వల్ల వస్తుంది.

రోజూ 2 నిమిషాలు చాలు

- స్నానం చేశాక అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోవాలి, లేదా ఇంట్లో వాళ్లను చూడమనాలి.
- వేళ్ల మధ్య తడి లేకుండా తుడవాలి. పగుళ్లకు వ్యాజిలిన్, కొబ్బరినూనె రాయొచ్చు. వేళ్ల సందుల్లో రాయకూడదు.
- చెప్పులు వేసుకునే ముందు రాయి, ముల్లు ఉందేమో దులిపి చూడాలి. స్పర్శ తగ్గినవారు మెత్తటి ఎంసీఆర్ చెప్పులు వాడాలి. ఇంట్లోనూ ఒట్టి కాళ్లతో తిరగకూడదు.
- ఆనెకాయలను బ్లేడుతో కోయొద్దు. తిమ్మిర్లకు వేడి కాపడం పెట్టొద్దు, కాలినా తెలియదు.
- పుండైతే శుభ్రమైన నీటితో కడిగి, గుడ్డ కట్టి, ఆ కాలిపై బరువు వేయకుండా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. పసుపు, సున్నం, ఆకు పసర్లు పెట్టి ఎదురుచూడొద్దు.

ఎక్కడ చూపించాలి?

30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితంగా చేస్తారు. షుగర్ ఉన్నవారు ఏడాదికి ఒక్కసారైనా పాదాల స్పర్శ పరీక్ష చేయమని డాక్టర్‌ను అడగాలి. సన్నటి నైలాన్ దారంతో చేసే ఈ పరీక్షకు నిమిషాలు చాలు. పుండు నల్లబడినా, దుర్వాసన వచ్చినా, జ్వరం తోడైనా ఆలస్యం చేయకుండా కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి, కడప రిమ్స్ లాంటి పెద్దాస్పత్రికి వెళ్లాలి. పొలం పనులు అయిపోయాక చూపిద్దామని ఆగితే కాలికే ముప్పు.

(ఈ వివరాలు అవగాహన కోసమే. లక్షణాలు ఉంటే డాక్టర్ సలహా తీసుకోవాలి.)