ఎర్రముక్కపల్లె బ్రౌన్ బంగళా

కడప ఎర్రముక్కపల్లెలో ఇప్పుడు గ్రంథాలయం ఉన్నచోటే ఒకప్పుడు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ బంగళా ఉండేది. 1798లో కలకత్తాలో పుట్టి కుంఫిణీ కొలువులో చేరిన ఆయన, 1820లో కలెక్టరుకు సహాయకుడిగా తొలిసారి ఈ ఊరొచ్చాడు. తర్వాత మచిలీపట్నానికి బదిలీ. వేమన పద్యాల మీద మనసు పడింది అక్కడే. 1826లో మళ్లీ కడప చేరాక ఈ బంగళా కొన్నాడు.

కుంఫిణీ దొరల ఇళ్లు సీమలో ఇంకా ఉండేవి. కానీ ఈ ఇంట్లో పొద్దస్తమానం వినిపించింది తెలుగు పద్యమే. బ్రౌన్ సొంత డబ్బుతో పండితులనూ లేఖకులనూ పెట్టుకున్నాడు. వ్యవహారాలన్నీ అయోధ్యాపురం కృష్ణారెడ్డి చూసుకునేవాడు. ఆ బంగళాకు బ్రౌన్ కాలేజీ అనే పేరు పడింది. ఒక కావ్యం చేపడితే దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించేవారు. లేఖకులు వాటిని కాగితాలకెత్తితే, పండితులు ప్రతికీ ప్రతికీ తేడాలు చూసి, తప్పులు దిద్ది, శుద్ధప్రతి సిద్ధం చేసేవారు. చెదలకూ తేమకూ పోవలసిన పుస్తకాలెన్నో అలా దక్కాయి. ఉద్యోగం ఊళ్లు తిప్పినా బ్రౌన్ ఈ పని వదల్లేదు, అప్పులు చేసైనా సాగించాడు. 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయ్యాయి, 1852లో నిఘంటువు వచ్చింది. ఆయనను తలచుకునే సభల్లో జూలూరి అప్పయ్య వంటి పండితుల పేర్లు వినపడకపోవడం అన్యాయం. బ్రౌన్‌ది పట్టుదల, డబ్బు, వీళ్లది పాండిత్యం.

1855లో బ్రౌన్ ఇంగ్లండు వెళ్లిపోయాడు, 1884లో లండన్‌లో కన్నుమూశాడు. ఇక్కడ ఇల్లు పాడుబడి మొండిగోడలు మిగిలాయి. ఆ శిథిలాల చోట గ్రంథాలయం లేవాలని పట్టుబట్టినవారు జిల్లా రచయితల సంఘం నడిపిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి. రాయదుర్గంలో పుట్టి కడపను సొంత ఊరు చేసుకున్న ఆ మాస్టారు, పెద్దా చిన్నా తేడా లేకుండా అందరినీ చందాలడిగారు. జనం ఆయన్ని బ్రౌన్ శాస్త్రి అనేవారు. 2014లో ఆయన పోయేనాటికి ఆ గ్రంథాలయం సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. కడప జిల్లా ఊళ్ల చరిత్ర చెప్పే మెకంజీ కైఫీయత్తులను అచ్చువేసిందీ ఈ కేంద్రమే.

మీ ఇంటి అటకమీద తాతలనాటి తాటాకు కట్టలుంటే చెదలకు వదిలేయకండి, ఎర్రముక్కపల్లె తీసుకెళ్లి చూపించండి.