పేరు రాయాల్సిన టికెట్టు

బ్రిటన్‌లో పార్టీల స్థానిక శాఖలు విందులో, వేసవి సంబరమో పెట్టుకున్నప్పుడు చివర్లో ర్యాఫిల్ నడపడం పాత అలవాటు. నంబర్లు వేసిన చీటీలు అమ్ముతారు, డబ్బాలోంచి ఒకటి తీస్తారు, గెలిచినవాళ్ళు వైన్ సీసానో చాక్లెట్ల డబ్బానో పట్టుకుపోతారు. మన లక్కీ డ్రా లాంటిదే. ఈ చిన్న ఆట ఎలా ఆడాలన్న దాని మీద వాళ్ళ పార్లమెంటు పదేపదే చట్టాలు చేసింది. ఆ చట్టాలు చదువుతుంటే అసలు ప్రశ్న జూదం గురించి కాదనిపిస్తుంది. రాజకీయాలకి డబ్బు ఎవరివ్వాలి, ఎంతెంత ఇవ్వాలి అన్నదే ప్రశ్న.

1699లోనే అక్కడ ప్రైవేటు లాటరీలని ప్రజలకి పీడగా ప్రకటించారు. ప్రభుత్వం మాత్రం తన లాటరీలు తాను నడుపుకుంది. జనం ఆడితే పీడ, ఖజానా ఆడితే ఆదాయం! 1826లో ప్రభుత్వ లాటరీ కూడా ఆగిపోయింది. ఆ తర్వాత వందేళ్ళకి పైగా, చర్చి సంబరంలో అమ్మే చీటీ కూడా చట్టం దృష్టిలో నేరమే.

1934 చట్టం మొదటిసారి గట్టిగా తలుపు తీసింది. సంబరంలో భాగంగా చిన్న లాటరీ పెట్టుకోవచ్చు, కానీ బహుమతి నగదు కాకూడదు, టికెట్లు సంబరం జరిగే చోటే అమ్మాలి. 1956లో ఇంకో అడుగు వేశారు. సొంత లాభం కోసం కాకుండా నడిచే సంఘాలు స్థానిక సంస్థ దగ్గర నమోదు చేసుకుని బయట కూడా టికెట్లు అమ్ముకోవచ్చు. టికెట్టు ధర షిల్లింగు దాటకూడదు. పెద్ద బహుమతి వంద పౌండ్లు, మొత్తం అమ్మకం 750 పౌండ్లు మించకూడదు. 'సొంత లాభం కోసం కాని సంఘం' అన్న మాటలో పార్టీ శాఖలూ ఇమిడిపోయాయి. కోటీశ్వరుల అండలేని శాఖలకి ఆ షిల్లింగులే ఆసరా అయ్యాయి.

ఇప్పుడు నడుస్తున్నది 2005 నాటి జూద చట్టం. చిన్న లాటరీ అంటే ఒక విడతలో 20,000 పౌండ్లు, ఏడాదిలో రెండున్నర లక్షల పౌండ్ల అమ్మకం దాటనిది. వచ్చిన దాంట్లో కనీసం 20 శాతం సంఘం పనికే వెళ్ళాలి. టికెట్టు మీద సంఘం పేరు, ధర, డ్రా తేదీ, బాధ్యత వహించే సభ్యుడి పేరు, చిరునామా ఉండాలి. డ్రా అయ్యాక మూడు నెలల్లో లెక్క అప్పజెప్పాలి. మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని రేట్ లిమిట్ అంటాం. ఒక్కరే వచ్చి సర్వర్ మొత్తాన్ని ఆక్రమించకుండా అందరికీ కాస్త చోటు మిగల్చడం. అలాగే ఒక్కొక్కరి నుంచీ కొంచెమే తీసుకోగలిగిన పార్టీ చాలామంది తలుపులు తట్టక తప్పదు.

మరి మన దగ్గర? 1870లో వలస ప్రభుత్వం శిక్షాస్మృతిలో 294ఎ సెక్షను చేర్చి, ప్రభుత్వ అనుమతి లేని లాటరీ ఆఫీసు నడపడాన్ని నేరం చేసింది. అదే నిబంధన ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 297వ సెక్షనుగా ఉంది. 1998 కేంద్ర చట్టం ప్రకారం లాటరీ పెట్టే అధికారం రాష్ట్రాలది. తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు ప్రభుత్వ లాటరీలు కూడా లేవు. అందుకే మన చిన్న పార్టీల చేతిలో ఉండేది హుండీ డబ్బా.

ఇందులో తప్పేముంది, జూదం జూదమేగా అనొచ్చు. నేనూ లాటరీలు రావాలని అనడం లేదు. కానీ లాటరీ డబ్బు మన రాజకీయాల్లోకి రాకుండా ఆగిందా? 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్లని కొట్టేసింది. మార్చిలో జాబితా బయటికొచ్చింది. అందరికన్నా ఎక్కువ బాండ్లు కొన్నది ఫ్యూచర్ గేమింగ్ అనే లాటరీ కంపెనీ, 1,368 కోట్ల రూపాయలకి. నిబంధనలకి లోబడి, బ్యాంకు ద్వారానే కొన్నది.

ఒక పక్కన పౌండు ఖరీదు చేసే చీటీ, దాని మీద అమ్మిస్తున్న మనిషి పేరు, చిరునామా. ఇంకో పక్కన కోటి రూపాయల బాండు. దాని మీద కొన్నవాళ్ళ పేరూ లేదు, తీసుకునే పార్టీ పేరూ లేదు. చిన్న మొత్తాలు ఇచ్చేవాళ్ళకి ఎన్ని నియమాలు పెట్టినా పర్లేదు, ఆ నియమాల్లో సగమైనా పెద్ద మొత్తాలకి వర్తించాలి కదా!