గేరాయిలు మార్చాలా, వద్దా?

కార్వేటినగరం రోడ్ల మీద అంబాసిడర్లు తిరిగిన కాలంలో ఈ ప్రశ్నే లేదు. 1957 నుంచి 2014 దాకా తయారైన ఆ కారుకు గేర్లు చేత్తో వేసుకోవాల్సిందే. గేర్‌బాక్స్ అడుగున బోల్టు విప్పి నల్లబడ్డ ఆయిలు దించడం, కొత్తది పోయడం. అంతే పని.

ఆయిలు మార్చాలంటే భయం ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో వచ్చింది. జనరల్ మోటార్స్ 1939లో హైడ్రామాటిక్‌ను ప్రకటించి, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో బిగించింది. ఇందులో ఆయిలు గేర్లను తడపడంతో ఊరుకోదు, వేడిని లాగేస్తుంది, తన ఒత్తిడితో క్లచ్‌లను పట్టిస్తుంది. ఆ పట్టు కుదుపు లేకుండా ఉండాలని ఒకప్పుడు స్పెర్మ్ తిమింగలం నూనె కూడా కలిపేవారు! 1970ల మొదట్లో అమెరికా తిమింగలాల వేట సరుకును ఆపేశాక, కంపెనీలు రసాయనాల వైపు మళ్లాయి.

బాగా తిరిగిన బండికి కొత్త ఆయిలు పోస్తే గేర్లు జారతాయన్న మాటలో కొంతే నిజం. అరిగిన క్లచ్ పలకల పొడి పాత ఆయిల్లో కలిసి కాస్త పట్టునిస్తుందని మెకానిక్కులంటారు. నిజానికి అప్పటికే జారుతున్న గేర్‌బాక్స్‌ను ఏ ఆయిలూ బాగుచెయ్యదు, నింద మాత్రం కొత్తదాని మీద పడుతుంది. సాఫీగా నడిచే బండికైతే కంపెనీ చెప్పిన రకాన్నే, యంత్రంతో ఒత్తిడి పెట్టి కడగకుండా, దించి పోయడం మేలు.

2014లో సెలేరియో కారుతో, గేర్లు వాటంతటవే వేసుకునే చవక ఏఎంటీలు మన ఊళ్లకొచ్చాయి. లోపలున్నది మామూలు గేర్‌బాక్సే గనక వాటికి ఈ భయం వర్తించదు.